సూదమ్మ తవ్విన చెలమ

వెనకటికి ఇప్పలవాగు అడవి అని ఒక అడవి ఉండేది. దాని నడుమ నుంచి వాగు పారేది. వాగు ఒడ్డు పొడుగునా ఇప్పచెట్లు. పూలు రాలే రోజుల్లో అడవంతా తీపి వాసన వేసేది. అక్కడ దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముళ్ళపందులు, కొండముచ్చులు, నెమళ్ళు ఉండేవి. అన్నీ ఆ వాగు నీళ్ళే తాగేవి. అలాంటి నీళ్ళు ఇప్పుడు ఎక్కడా లేవు.

ఎండలు ముదిరితే వాగు ఎండిపోయేది. నీరు ఇసుక కిందికి దిగిపోయేది. అప్పుడు జంతువులు ఇసుకలో గుంట తవ్వి, అందులో ఊరిన నీరు తాగేవి. ఆ గుంటనే చెలమ అంటారు.

చెలమ తవ్వడం ఎలుగవ్వ నేర్పేది. ఆమె ముసలి ఎలుగుబంటి. మూడు పెద్ద కరువులు చూసింది. ఒక కరువులో కన్నబిడ్డను పోగొట్టుకుంది. అందుకే ఆమె మాట కారంగా ఉండేది. వేసవికి ముందే అడవి పిల్లలందరినీ వాగులో కూర్చోబెట్టి పాఠం చెప్పేది.

"నోరు వెడల్పుగా తవ్వండి. లోపలికి పోయేకొద్దీ ఇరుకు చేయండి. తీసిన ఇసుక దూరంగా పోయండి. అంచున పోస్తే మీ నెత్తినే పడుతుంది. మొదట ఊరేది బురద. దాన్ని తోడి పారబోయండి. తర్వాత ఊరిందే తాగండి."

ఆ బడిలో కోరయ్య అనే అడవిపంది, సూదమ్మ అనే ముళ్ళపంది కలిసి నేర్చుకున్నారు. కోరయ్యకు ఒళ్ళంతా బలమే. అందరికంటే ముందు తవ్వి పారేసేవాడు. సూదమ్మకు మాత్రం ఒక చిక్కు ఉండేది. వెనక నుంచి ఎవరైనా "తొందరగా!" అంటే చాలు, ఆమె ముళ్ళు నిక్కబొడుచుకునేవి. అవి గుంట గోడలకు గీసుకునేవి. ఇసుక జారి గుంట పూడిపోయేది. పిల్లలంతా పడీ పడీ నవ్వేవారు.

ఒకరోజు సూదమ్మ ఏడ్చేసింది. "అవ్వా, నా ముళ్ళు నా మాట వినవు. నాకు ఈ పని రాదు."

"ముళ్ళు లేవడం తప్పు కాదే పిచ్చిదానా! లేస్తున్నాయని తెలుసుకోకపోవడం తప్పు. నాకు ఒత్తిడి ఎక్కువైతే చెవులు వేడెక్కుతాయి. అది కనిపెట్టడానికే నాకు సగం బతుకు పట్టింది. నీకు ముళ్ళు లేచే ముందు ఏమవుతుంది? బాగా గుర్తు చేసుకో."

సూదమ్మ ఆలోచించింది. "తోక గలగలమంటుంది అవ్వా."

"అదే నీకు గంట. అది మోగగానే పని ఆపు. గుంటలోంచి బయటికి రా. నిదానంగా ఊపిరి తీసుకో. ముళ్ళు వాలాక మళ్ళీ దిగు. ఎవరేమన్నా సరే!"

పక్కనే ఉన్న కోరయ్య పకపకా నవ్వాడు. "నాకు గంటా లేదు, గలగలా లేదు. వెనక నుంచి అరిచేకొద్దీ నాకు బలం పెరుగుతుంది!"

"పెరిగేది బలం కాదురా, విసురు," అంది ఎలుగవ్వ. ఆ మాట వినడానికి కోరయ్య అక్కడ ఆగితే కదా!

ఏళ్ళు గడిచాయి. ఎలుగవ్వ కన్నుమూసింది. ఆ తర్వాతి వేసవి నిప్పులు కురిసింది. ఉన్న చెలమలన్నీ ఎండిపోయాయి. ఒక్క బండ పక్కన మాత్రం ఇసుక చల్లగా తగిలింది.

అప్పటికి రెండు రోజుల ముందే చుక్కమ్మ అనే దుప్పి ఈనింది. తాగడానికి నీళ్ళు లేక ఆమెకు పాలు ఇంకిపోయాయి. పిల్ల లేచి నిలబడలేకపోతోంది. సాయంత్రం లోపు తల్లికి నీళ్ళు దొరక్కపోతే పిల్ల దక్కదు.

పొద్దున్నే అందరూ బండ దగ్గర చేరారు. కోరయ్య అందరినీ తోసుకుంటూ వచ్చాడు. "తప్పుకోండి! నాలుగు పోట్లు పొడిస్తే నీళ్ళు ఎగజిమ్ముతాయి!"

బండ మీద కూర్చున్న కొండముచ్చు అందుకుంది. "కానీ మామా, కానీ! ఇంకా ఎంతసేపు?"

అందరూ గొంతు కలిపారు. ఒక్కో అరుపుకు కోరయ్య ఒక్కో పోటు గట్టిగా పొడిచాడు. గుంట నోరు వెడల్పు చేయలేదు. తీసిన ఇసుక అంచునే పోశాడు. ఒక పక్క ఇసుక జారింది.

"ఎవడ్రా ఇసుక తోసింది?" అని కోరయ్య గుంటలోంచే గర్జించాడు. ఆగి చూడలేదు. తల వంచి గుడ్డిగా పొడిచాడు. కోర వెళ్ళి బండకు తగిలి ఫటుక్కున విరిగింది. ఆ అదురుకు అంచున ఉన్న ఇసుకంతా వాడి మీదే కూలింది. మెడదాకా కూరుకుపోయాడు. నలుగురు కలిసి లాగి బయట పడేసేసరికి మధ్యాహ్నం అయింది.

"నేను దిగుతాను," అంది సూదమ్మ.

"నువ్వా? బడిలో రోజూ గుంటలు పూడ్చింది నువ్వే కదక్కా!" అని కొండముచ్చు ఎకసెక్కం చేసింది.

సూదమ్మ ఇసుకలోకి నడిచింది. బండకు కాస్త ఎడంగా వెడల్పుగా మొదలుపెట్టింది. ఇసుక దూరంగా పోసింది. మోకాలి లోతు పోయింది. నడుము లోతు పోయింది. చేతికి తడి తగిలింది.

అప్పుడు చుక్కమ్మ కేక పెట్టింది. "అక్కా, తొందరగా! నా బిడ్డ కళ్ళు మూస్తోంది!"

సూదమ్మ తోక గలగలమంది.

ఆమె పని ఆపింది. గుంటలోంచి బయటికి వచ్చి కూర్చుంది.

"చూశారా పని దొంగను!" అని కొండముచ్చు ఎగిరింది.

"అక్కా, నీకు గుండె లేదా?" అని చుక్కమ్మ ఏడ్చింది.

ఆ మాట సూదమ్మకు ఈటెలా దిగింది. ఒక్క దూకుతో గుంటలో పడదామనిపించింది. కానీ ముళ్ళన్నీ నిలువునా లేచి ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ఎక్కడో రాలిన ఇప్పపువ్వు వాసన తగిలింది. ఆ వాసనలోనే కదా ఎలుగవ్వ పాఠం చెప్పింది! నిదానంగా ఊపిరి తీసుకుంది.

"చుక్కమ్మా, ఈ ముళ్ళతో దిగితే నీ నీళ్ళను నేనే పూడుస్తాను. కాసేపు ఓర్చుకో తల్లీ," అంది.

కొండముచ్చు మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి అడ్డుపడింది కోరయ్య. ఒళ్ళంతా ఇసుక, మూతి నిండా నెత్తురు.

"నోరు ముయ్యి! మీ అరుపుల్లోనే నేను కూరుకుపోయాను. గట్టు మీద అరిచేవాడికి చెమట పట్టదు. చేతులున్నాయిగా, దిగి ఇసుక మొయ్యి!"

వాగంతా నిశ్శబ్దమైంది. సూదమ్మ ముళ్ళు ఒక్కొక్కటే వాలాయి. ఆమె దిగింది. ఇంకోసారి తోక మోగింది. ఇంకోసారి పైకి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. కొండముచ్చు తలవంచుకుని ఇసుక మోసింది.

పొద్దు వాలుతుండగా బురదనీరు ఊరింది. దాహంతో అందరూ మీద పడబోయారు. సూదమ్మ ఆ బురదను తోడి పారబోసింది. రెండోసారి తేటనీరు ఊరింది. ముందు చుక్కమ్మ కడుపారా తాగింది. పొద్దు గూకే వేళకు ఆమె పొదుగు చేపింది. పిల్ల తూలుతూ లేచి పాలు కుడిచింది.

మరుసటి ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో వాగులో మళ్ళీ బడి పెట్టారు. ఎలుగవ్వ కూర్చున్న చోట సూదమ్మ కూర్చుంది. మొదటి రోజు తవ్వడం నేర్పలేదు.

"మిమ్మల్ని ఎవరైనా తరిమితే, అందరికంటే ముందు మీకు ఏమవుతుంది?" అని అడిగింది.

"నాకు కాళ్ళు వణుకుతాయి," అంది కుందేలు పిల్ల.

"నాకు గొంతు పట్టేస్తుంది," అంది నెమలి పిల్ల.

వెనక వరుసలో చిన్నపిల్లల మధ్య ఒంటికోరతో కోరయ్య కూర్చుని ఉన్నాడు.

"నాకు చెవుల్లో హోరు వస్తుంది," అన్నాడు చివరికి. "అవ్వ ఉన్న రోజుల్లోనే నేను ఈ మాట చెప్పి ఉండాల్సింది."

నీతి: ఒత్తిడి రాని ప్రాణి లేదు. అది తనలో ఎలా మొదలవుతుందో కనిపెట్టి కాసేపు ఆగినవాడు పనిలో గెలుస్తాడు. నాకేం కాదని విర్రవీగినవాడు తాను తవ్విన గుంటలోనే కూరుకుపోతాడు.