గ్రేసీ పడుకునే చోటు

అలేఖ్య రాసిన పిటిషన్ పద్నాలుగు పేజీలు వచ్చింది. హమీదా మేడం దాన్ని రెండు వారాలుగా చేతిసంచీలో పెట్టుకుని తిరుగుతున్నారు గాని, సంతకం పెట్టడం లేదు.

అలేఖ్యకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. లా చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ మూట్ కోర్టు వాదనల పోటీలో మూడేళ్లుగా కప్పు ఆ అమ్మాయిదే. వాదన మొదలుపెడితే జడ్జి కుర్చీలో కూర్చున్న పెద్ద వకీళ్లు కూడా పెన్ను కింద పెట్టి వినేవారు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది కూడా ఆ అమ్మాయికే.

హమీదా మేడం బందరు కోర్టులో ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేశారు. మోకాళ్లు మొరాయించాక లా కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంటూ ఒక్క షరతు పెట్టారు. మంగళవారం పాఠం మాత్రం పిల్లల ఆసుపత్రి వరండాలో జరగాలి. అక్కడ ఒక బల్ల, రెండు బెంచీలు వేయించారు. మందులిచ్చి పంపినా మళ్లీ మళ్లీ తిరిగొచ్చే పిల్లల్ని డాక్టర్లు ఆ బల్ల దగ్గరికి పంపేవారు. ఆ జబ్బుల్లో సగం వకీళ్లు చూడాల్సినవేనని ఆవిడ గట్టి నమ్మకం.

గ్రేసీ అలాగే వచ్చింది. ఆరేళ్ల పిల్ల, ఒకటో తరగతి. వానలు మొదలయ్యాక ఆయాసంతో మూడుసార్లు ఆసుపత్రిలో చేరింది. డాక్టరు గారు ఓపీ చీటీ వెనక నాలుగు ముక్కలు రాసి పంపారు. "ఇక్కడ తగ్గుతోంది. ఇంటికెళ్లిన పది రోజులకు తిరగబెడుతోంది. ఇలాగే జరిగితే ఈ పసి ఊపిరి ఎన్నాళ్లు తట్టుకుంటుందో చెప్పలేను. ఇంట్లో ఏముందో మీరు చూడండి."

అలేఖ్య వెళ్లి చూసింది. చూసి ఉబ్బిపోయింది కూడా. గ్రేసీ వాళ్ల ఇంటికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగు పెట్టే షెడ్డు ఉంది. యాసిడ్ ఘాటు వీధి మలుపులోనే ముక్కుకు తగిలింది. ఇంతకంటే మంచి కేసు ఎవరికి దొరుకుతుంది? గుమ్మంలో నిలబడి ఇల్లు చూసింది, ఫోనుతో షెడ్డు ఫొటోలు తీసింది, తల్లి సువార్తను పది ప్రశ్నలడిగింది. ఇంట్లో అంతా బాగానే ఉందండి అని సువార్త అంది. అలేఖ్య అది రాసుకుంది.

ఆ రాత్రే పిటిషన్ పుట్టింది. మున్సిపాలిటీ ఒక ప్రతివాది, కాలుష్య మండలి ఇంకో ప్రతివాది, షెడ్డు యజమాని మూడో ప్రతివాది. జీవించే హక్కు గురించి రాసిన పేరా చదివి క్లాసులో ఇద్దరు పిల్లలు కళ్లు తుడుచుకున్నారు.

మేడం మాత్రం తుడుచుకోలేదు. ఈలోగా గ్రేసీ నాలుగోసారి ఆసుపత్రిలో చేరి బయటికొచ్చింది.

ఆ మంగళవారం అలేఖ్య ఇక ఆగలేకపోయింది. పిల్ల ప్రాణం మీదికొస్తోందని, ఈ ఆలస్యం తనకు అర్థం కావడం లేదని, పిటిషన్‌లో తప్పేముందో చెబితే దిద్దుకుంటానని గడగడా అనేసింది. గొంతులో కోపం దాచుకోలేదు.

మేడం కళ్లజోడు తీశారు.

"తప్పేం లేదు. చాలా బాగా రాశావు. ఆ ఇల్లు చూశావా?"

"చూశాను మేడం."

"ఎక్కణ్ణుంచి?"

అలేఖ్యకు ప్రశ్న అర్థం కాలేదు. గుమ్మంలోంచి అని చెప్పింది.

మేడం లేచారు. చేతికర్ర అందుకుని, ఆటో పిలవమన్నారు.

సువార్త ఇల్లంటే ఒకే గది. ముందు భాగంలో ఇంటి యజమాని దుర్గారావు ఉంటాడు, వెనక గది వీళ్లకు అద్దెకిచ్చాడు. సువార్త మొగుడు చేపల లారీ మీద చెన్నై తిరుగుతాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వీళ్లు వెళ్లేసరికి సువార్త గుమ్మం దగ్గర కూర్చుని పళ్లెంలో గొలుసులు అల్లుతోంది. ఎదురు షెడ్డు వాళ్లు ఇచ్చే పనే అది. రేకుల్లాంటి చిన్న చిన్న కొక్కేలను ఒకదాన్లో ఒకటి తగిలిస్తోంది. పక్కన గ్రేసీ, మొన్ననే ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్ల, పలక మీద కోడిని గీస్తోంది.

అలేఖ్య ఆ పళ్లెం వంక చూసింది. పోయినసారి వచ్చినప్పుడూ అది అక్కడే ఉంది. తన పిటిషన్‌లో మూడో ప్రతివాది ఎవరో అప్పుడు గుర్తొచ్చి, చప్పున మేడం మొహంలోకి చూసింది. మేడం చూడనట్టే ఊరుకున్నారు.

మేడం నులకమంచం అంచున కూర్చుని కాసేపు చేపల ధరలూ, గ్రేసీ బడి సంగతులూ మాట్లాడారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు.

"అమ్మా సువార్తా, రాత్రిపూట ఎలా పడుకుంటారో అలా చాప వెయ్యి."

సువార్త తడబడింది. పొద్దున పదకొండింటికి చాపెందుకండీ అంది. అయినా గోడవార చుట్టి పెట్టిన చాప తెచ్చి పరిచింది. ఆ గోడకు మేకులు కొట్టి ఒక పాత ఫ్లెక్సీ వేలాడదీసి ఉంది. ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ. వధూవరులు గోడ నిండా నవ్వుతున్నారు.

"అలేఖ్యా, గ్రేసీ చోట్లో పడుకో."

అలేఖ్య ఆ రోజు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చుడీదార్ వేసుకుంది. తనను శిక్షిస్తున్నారేమో అనిపించింది. కాని మేడం మాట కాదనడం ఆ కాలేజీలో ఎవరికీ అలవాటు లేదు.

సువార్త మరీ కంగారుపడిపోయింది. బట్టలు మాసిపోతాయండీ అంటూ ఉతికిన చీర ఒకటి గబగబా మడతపెట్టి అలేఖ్య తల కింద ఉంచింది. ఆ చీర మెత్తదనానికి, ఎందుకో, అలేఖ్య కోపం కొంచెం తగ్గింది.

వెల్లకిలా పడుకుంది. పైన రేకులు కనిపించాయి. ఏమీ లేదు. గోడవైపు తిరగబోయింది.

అంతలో పలక పక్కన పడేసి గ్రేసీ వచ్చి, తన చోటు గనక హక్కుగా, అలేఖ్య పక్కనే పడుకుంది. చిన్న చెయ్యి వేసి ఆమె భుజాన్ని ఇవతలికి లాగింది.

"అటు తిరక్కూడదక్కా. ఇటు పడుకోవాల. అటు తిరిగితే పిల్లి లేచుద్ది."

"ఏ పిల్లి?"

గ్రేసీ తన గుండె మీద వేలు పెట్టి చూపించింది.

అలేఖ్య ఆ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత, తిరగొద్దన్నా, మెల్లగా గోడవైపు తిరిగింది.

ఫ్లెక్సీ నేలదాకా రాలేదు. కింద జానెడు ఎడం ఉంది. నిలబడితే కనిపించదు, గుమ్మంలోంచి అసలే కనిపించదు. పడుకుంటే సరిగ్గా ముక్కుకు ఎదురుగా ఉంది. గోడ నల్లగా, తడిగా, బూజు పట్టి పొరలుగా ఊడిపోయి ఉంది. ఊపిరి పీల్చగానే ముక్కి మురిగిన వాసన గొంతులోకి దిగింది. ఆ గోడ అవతలే దుర్గారావు వాళ్ల నీళ్ల కుండీ ఉంది. పైపు కారుతున్న చప్పుడు చాప మీదికి వినిపిస్తోంది.

అలేఖ్య దగ్గింది. లేవలేదు.

సువార్త కళ్లనీళ్లు పెట్టుకుంది. నా బిడ్డకు చెమ్మ తగలకుండా ఉంటుందని నేనే ఫ్లెక్సీ కట్టానండి అంది. గోడ సంగతి ఎత్తితే ఖాళీ చెయ్యమంటాడని భయం. ముందున్నవాళ్లు అడిగితే నెల తిరక్కుండా పంపేశాడట. అందుకే డాక్టరుకూ చెప్పలేదు, ఈ అమ్మాయికీ చెప్పలేదు. రాత్రిళ్లు పిల్ల నిద్రలో అటు తిరక్కుండా గోడవైపు తను అడ్డంగా కూర్చుంటోంది. కూర్చునే తెల్లారిపోతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ అదే వరస.

చాప మీద అలాగే పడుకుని అలేఖ్య అడిగింది.

"నీకేం కావాలక్కా?"

పోయినసారి అడిగిన పది ప్రశ్నల్లో అది లేదు.

"ఇల్లు పోకూడదమ్మా. బడి ఇక్కడే, పని ఇక్కడే. ఆ గోడ ఒక్కటి బాగైతే చాలు."

అదే ఆటోలో తిరిగి వచ్చారు. కాలేజీ దగ్గర దిగేటప్పుడు మేడం సంచీలోంచి పద్నాలుగు పేజీలూ తీసి అలేఖ్య చేతికిచ్చారు. చింపుతుందేమోనని అనుమానం వచ్చినట్టుంది, వెంటనే అన్నారు.

"దాచు. వీధంతా కలిసి అడిగే రోజొస్తే పనికొస్తుంది."

ఆ సాయంత్రం అలేఖ్య దుర్గారావు పేర ఒకే ఒక్క పేజీ రాసింది. తెలుగులో రాసింది. డాక్టరు గారి దగ్గరికెళ్లి కింద రెండు వాక్యాలు రాయించుకుంది. ముందు సువార్తకు చదివి వినిపించింది. ఒకచోట సువార్త ఆపి, యజమాని మంచివాడే అని కూడా రాయమంది. మొదటి రోజైతే అలేఖ్య నవ్వేదేమో. ఇప్పుడు రాసింది.

ఆ కాగితం పట్టుకుని అలేఖ్య, మేడం దుర్గారావు దగ్గరికి వెళ్లారు. ఆయన నిమ్మకాయ నీళ్లు ఇప్పించాడు. మేడం అవి తాగడం తప్ప ఏమీ చేయలేదు. మాట్లాడిందంతా అలేఖ్యే. మరమ్మతు అడిగినందుకు ఖాళీ చేయించడం చట్టం ఒప్పుకోదని నెమ్మదిగా చెప్పింది. ఆయన చిరాకుపడ్డాడు. అయితే కోర్టుకెక్కుతారా అని అడిగాడు.

"ఎక్కాల్సొస్తే ఎక్కుతాం బాబాయ్ గారూ. ముందు మీరొక్కసారి వచ్చి చూడండి."

మూడు రోజులు ఆయనకు తీరిక దొరకలేదు. మూడు రోజులూ అలేఖ్య వెళ్లి అరుగు మీద కూర్చుంది. నాలుగో రోజు, ఈ పిల్ల వదిలేలా లేదని విసుక్కుంటూ వెనక గదికి వచ్చాడు. గది అద్దెకిచ్చిన ఆరేళ్లలో లోపలికి రావడం అదే మొదటిసారట. మోకాళ్ల నొప్పులాయన పడుకోలేదు గాని, గోడవార వంగాడు. గ్రేసీ ఆయనక్కూడా పిల్లి సంగతి చెప్పింది. ఆయన కాసేపు వంగే ఉన్నాడు. తన మనవరాలిదీ ఇదే ఈడని అన్నాడు.

వారంలో మేస్త్రీ వచ్చాడు. పైపు మార్చారు, కుండీని గోడకు దూరంగా జరిపారు, తడిసిన గచ్చంతా చెక్కేసి కొత్తగా సిమెంటు పూశారు. రెండేళ్లదాకా ఖాళీ చేయించనని దుర్గారావు కాగితం రాసిచ్చాడు. ఫ్లెక్సీ మీది వధూవరులు గొలుసుల సరుకు మీద కప్పుగా మారారు.

నెల దాటింది. గ్రేసీ ఆసుపత్రికి రాలేదు.

కేసు మూసేటప్పుడు తల్లి సంతకం ఒకటి తీసుకోవాలి. అది మేడం బల్ల దగ్గర పద్ధతి. నాలుగు రోజుల్లో పరీక్షలు, ఆలోపే ఫైలు అప్పజెప్పాలని అలేఖ్య తొందర. మధ్యాహ్నం రెండింటికి మేడంతో కలిసి కాగితం పట్టుకుని వెళ్లింది. ఆదివారం కావడంతో షెడ్డు మూసి ఉంది, వీధి నిశ్శబ్దంగా ఉంది.

తలుపు ఓరగా తెరిచి ఉంది. పిలవబోయి అలేఖ్య ఆగిపోయింది.

గొలుసుల పళ్లెం ఓ పక్కకు నెట్టి ఉంది. చాప మీద సువార్త ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. నెలల నిద్ర అంతా ఒక్కసారే తీర్చుకుంటున్నట్టు నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఈసారి గోడవైపు ఆమె లేదు. గోడవైపు గ్రేసీ ఉంది.

గ్రేసీ గోడకేసి తిరిగి పడుకుంది. అరచెయ్యి కొత్త సిమెంటు మీద ఆనించి ఉంది. ఊపిరి పిల్లికూతల్లేకుండా వెళ్తోంది, వస్తోంది.

అలేఖ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆ ఊపిరే వింది. చేతిలో కాగితం ఉందన్న సంగతి ఎప్పుడు మర్చిపోయిందో తెలియదు. వెనకనుంచి మేడం మెల్లగా భుజం మీద చెయ్యి వేశారు.

"లేపకు," అన్నారు.