ముళ్ళపందికి నచ్చిన నిదానపు ఆట

చిట్టీతకోన అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, కోతులు, జింకలు, ముంగిసలు, తాబేళ్ళు, ముళ్ళపందులు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవి నడుమ చదునైన నల్లబండ ఒకటి ఉంది. దాని అంచుల్లో అక్కడక్కడా గుంటలున్నాయి. ఆ బండ మీద జంతువులు గుంటలాట ఆడుకునేవి.

ఆట ఎలాగంటారా? బండ మీద కుంకుడుకాయలు పరుస్తారు. గచ్చకాయను తోకతోనో కాలితోనో తట్టి, దానితో కుంకుడుకాయను కొట్టి గుంటలో పడెయ్యాలి. పడితే ఇంకో దెబ్బ. తప్పితే ఎదుటివాడి వంతు. కాయ పడేటట్టు లేకపోతే, ఎదుటివాడికీ దారి దొరక్కుండా గచ్చకాయను ఏ మూలకో దాచెయ్యాలి. అందుకే పొద్దున మొదలైన ఆట ఒక్కోసారి పొద్దు వాలినా తేలేది కాదు.

ఆ ఆటలో ముంగిస ఎర్రన్నను మించినవాడు లేడు. ఎర్రన్న ఆటంటే ముళ్ళపంది సూరప్పకు ప్రాణం.

పాపం, సూరప్పకు ఒక ఇబ్బంది ఉంది. చప్పుడైతే చాలు, ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే వీపు మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి. అందుకని పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా అతని పక్కన ఎవరూ కూర్చోరు. గుంటలాట దగ్గర మాత్రం అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అక్కడ సూరప్ప ముళ్ళు బుద్ధిగా పడుకుంటాయి. ఒక పక్క కుందేలు, ఇంకో పక్క జింక వచ్చి కూర్చుంటాయి. అడవి మొత్తంలో అతను నలుగురితో కలిసి కూర్చునే చోటు అదొక్కటే.

ఒకరోజు ఎర్రన్న పెద్ద ఆట గెలిచి, బండ మీదే నిలబడి అన్నాడు:

"ఏం ఆటండీ ఇది! ఆడే నాకే ఆవలింతలొస్తున్నాయి. చూసేవాళ్ళకు వేరే పని లేదా? ఇకమీదట చిటికె ఆట పెట్టండి. కాకి బండ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చేలోగా ఎవరు ఎక్కువ కాయలు పడేస్తే వాళ్ళదే గెలుపు!"

కోతులు ఈలలు వేశాయి. సూరప్ప నోరు తెరుచుకుని ఉండిపోయాడు. 'వేరే పని లేనివాడంటే నేనేనా?' అనుకున్నాడు.

ఇంటి దగ్గర భార్య గవరమ్మ దుంపలు తవ్వుతోంది.

"ఏమయ్యా, మొహం అలా వేలాడేసుకొచ్చావు? మీ ఎర్రన్న ఓడిపోయాడా?"

"గెలిచాడే."

"మరింకేం?"

"గెలిచి, ఆట బాగోలేదన్నాడు."

"ఎవరి ఆట?"

"ఆయన ఆటే. ఆయన గెలిచిన ఆటే."

"ఇదేం తిరకాసయ్యా! ఆడినవాడికి బాగోలేదు, కూర్చున్నవాడికి బాగుందా?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. అంతటివాడికి తెలియదంటావా? ఆయనకే విసుగంటే విసుగే అయ్యుంటుంది. నాకే తెలిసి ఉండదు."

ఎర్రన్న మాటంటే మాటా! అడవి పెద్ద అయిన ఎలుగుబంటి నిదానపు ఆటను ఆపించేసి, చిటికె ఆట పెట్టించాడు.

'ఇదే మంచి ఆట, ఇదే మంచి ఆట' అని తనకు తానే చెప్పుకుంటూ సూరప్ప వెళ్ళాడు. నిజం చెప్పొద్దూ, మొదట బాగానే ఉంది. ఒక కోతి వెల్లకిలా పడుకుని కొట్టిన దెబ్బకు సూరప్ప కూడా నవ్వాడు. అంతలో కాకి చుట్టు తిరిగొచ్చి "కావ్!" అంది. జనమంతా ఒక్కసారిగా అరిచి గంతులేశారు. సూరప్ప ముళ్ళు జివ్వున లేచాయి.

"అమ్మో, నా చెవి!" అని కుందేలు కేక పెట్టింది. "సూరప్ప మావా, ఏమనుకోకు. నువ్వు ఆ పుట్ట అవతల కూర్చో."

పుట్ట అవతలికి ఆట కనబడదు. పైన తిరిగే కాకి ఒక్కటే కనబడుతుంది. సూరప్పకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. ఎర్రన్న మీదా? కోతుల మీదా? తన ముళ్ళ మీదా?

ఆ రోజే ఎర్రన్నకూ ఒక కుర్రకోతికీ పోటీ పడింది. ఎర్రన్న తన అలవాటు కొద్దీ కాయలను ఒక్కొక్కటే దారిలో పెట్టుకుంటున్నాడు. కోతి కళ్ళు మూసుకుని టపటపా కొట్టేసింది. ఏవో పడ్డాయి. కాకి వచ్చి వాలింది. కోతి గెలిచింది.

"ఆగండి! ఇంకొక్క దెబ్బ! ఇప్పుడే కాయలు దారికొచ్చాయి!" అన్నాడు ఎర్రన్న.

"చుట్టు అయిపోయింది అన్నా. రూలు నీదే కదా," అంది కాకి.

ఎర్రన్నకు ఒళ్ళు మండింది. "ఇదీ ఒక ఆటేనా? గుడ్డి దెబ్బలాట! దీన్ని చూసేవాళ్ళకు బుద్ధి లేదు!" అంటూ వెళ్ళిపోయాడు.

సూరప్ప ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. "మొన్న ఆ ఆట చూసేవాళ్ళకు పని లేదన్నాడు. ఇవాళ ఈ ఆట చూసేవాళ్ళకు బుద్ధి లేదంటున్నాడు. నేను రెండూ చూశానే! మరి నా సంగతేమిటి?"

గవరమ్మకు విసుగొచ్చింది. "ఆయన నోరేమందో రోజూ చెబుతావు. నీ కళ్ళేమన్నాయో ఒక్కరోజైనా చెప్పావా?"

 సూరప్ప లేచి నేరుగా ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దాయనా, చిటికె ఆట ఉండనివ్వండి. పిల్లలు నవ్వుతున్నారు. కానీ నాకు నిదానపు ఆట ఇష్టం. దానికీ ఒక పూట ఇప్పించండి."

"ఎర్రన్నే విసుగన్నాడు కదయ్యా. చూడ్డానికి ఎవరొస్తారు?"

"నేనొస్తాను."

"ఒక్కడివేనా?"

అక్కడే ఉన్న కుందేలు నెమ్మదిగా అంది: "నేనూ వస్తాను. ఎర్రన్నంతటివాడు అన్నాడు కదా అని నోరు మూసుకున్నాను." జింక కూడా "నేనూ అంతే" అంది.

"అందరూ నోళ్ళు మూసుకుంటే నాకెలా తెలుస్తుంది?" అని ఎలుగుబంటి గుర్రుమన్నాడు. ఎండెక్కేదాకా చిటికె ఆట, ఆ తర్వాత నిదానపు ఆట అని అప్పటికప్పుడే తేల్చేశాడు.

మర్నాడు నిదానపు ఆటకు ఎర్రన్నా వచ్చాడు. "ముందొచ్చినవాళ్ళకే ముందు వంతు. వెళ్ళి వెనక నిలబడు," అన్నాడు ఎలుగుబంటి. మొన్నటి మొనగాడు చుంచెలుకల వెనక నిలబడ్డాడు. వంతు కోసం చూస్తూ, కుందేలూ జింకా ఆనుకుని కూర్చున్న సూరప్పను చూశాడు.

"సూరప్పా, ఇవాళ నాకూ తాబేలు తాతకూ పోటీ. నువ్వు నావాడివేగా?"

"నీ ఆటకు నేనెప్పుడూ దాసుణ్ణే అన్నా. నీ మాటకు కాదు. నువ్వు బాగా కొడితే నీకే తలూపుతాను. తాత బాగా కొడితే తాతకి."

ఎర్రన్న బండెక్కాడు. అతని దెబ్బ వెంట్రుకవాసిలో తప్పింది. తాబేలు తాత తాపీగా వచ్చి, గచ్చకాయను ఒక కాయ వెనక నక్కించి, ఎర్రన్నకు దారంతా మూసేశాడు.

సూరప్ప తాతకే తలూపాడు.

నీతి: ఒకరి పనితనాన్ని మెచ్చుకున్నంత మాత్రాన వారి ప్రతి మాటనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, మనకు ఏది ఇష్టమో మన కళ్ళతో చూసి మనమే తేల్చుకోవాలి.