రెండు మానికల తవుడు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక గేదె, గేదెకో తవుడు డబ్బా. ఆ ఇంట్లోనే ఆరేళ్ళ పిల్ల, పేరు భూలక్ష్మి. ఊ కొట్టు మరి. కొట్టకపోతే ఆపేస్తాను.

భూలక్ష్మిది పుర్రచెయ్యి. అన్నం ఎడంచేత్తో కలుపుతుంది. బలపం ఎడంచేత్తో పడుతుంది. రాయి విసిరినా ఎడంచేత్తోనే. ఇంట్లో ఇంకెవరికీ అలా లేదు. నాన్నకి లేదు, అన్నలిద్దరికీ లేదు, నాయనమ్మకి అసలే లేదు. అమ్మకీ లేదు. అమ్మ కుడిచేతికి నాలుగు గాజులుంటే ఎడంచేతికి డజను ఉండేవి. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఒకరోజు అందరూ అన్నాలకి కూర్చున్నారు. నాయనమ్మ పిల్ల ఎడంచేతి మీద గరిటతో ఒక్కటిచ్చింది.

"మా ఇంటా వంటా లేదమ్మా ఈ పుర్రచెయ్యి! నిన్ను తవుడుకి కొన్నాం కదే, అందుకే ఇలా తగలడ్డావు."

అందరూ నవ్వారు.

ఆ తర్వాత మేనమామ వచ్చాడు. ఉత్త వేళాకోళం మనిషి. "ఏమే తవుడుపిల్లా! రెండు మానికలు కొలిచి పోసి తెచ్చాం నిన్ను. బేరమాడితే ఒక్క మానికకే ఇచ్చేవాళ్ళు" అన్నాడు.

మళ్ళీ నవ్వారు. పిల్లా నవ్వింది. నవ్వి, లేచి వెళ్ళి గడప అవతల కూర్చుంది. అది ఎవరూ చూళ్ళేదు.

ఆ తర్వాత ఒక మంగళవారం పొద్దున్న, పాలచెంబు తెమ్మంటే ఎడంచేత్తో పట్టుకొచ్చింది. చెంబు జారింది. వాకిలంతా పాలు. వాళ్ళమ్మ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఆ పూట అనేసింది.

"మా పిల్లవైతే ఇలా ఎందుకుంటావే? పో, మీవాళ్ళ దగ్గరికే పో."

అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడు పిల్ల ఏం చేసింది? డబ్బాలోంచి రెండు మానికల తవుడు కొలిచింది. పాత తువ్వాల్లో మూట కట్టింది. 'మావాళ్ళు బీదవాళ్ళేమో. నన్ను వెనక్కి తీసుకోడానికి వాళ్ళ దగ్గర తవుడుండదేమో. నేనే పట్టుకెళ్తాను' అనుకుంది. ఏ ఇంట్లో పుర్రచెయ్యి కనిపిస్తే అదే మా ఇల్లు అనుకుంది.

ముందు దర్జీ మస్తాన్ దగ్గరికి వెళ్ళింది. కత్తెర ఏ చేత్తో పట్టాడో చూసింది. కుడిచెయ్యి. అయినా అడిగింది, "నన్ను మీరు గానీ అమ్మారా? తవుడు నేనే తెచ్చాను" అని.

"నాకే ఆరుగురున్నారు తల్లీ! ఆ మూట ఇటిచ్చి నువ్వే ఒకణ్ణి తీసుకుపో" అన్నాడు మస్తాన్.

ఆ తర్వాత అట్లు పోసే కాంతమ్మ. ఆవిడదీ కుడిచెయ్యే. నవ్వీ నవ్వీ ఆవిడకి పొలమారింది.

ఆ తర్వాత బియ్యం మిల్లు గుమస్తా పానకాలు. కుడిచేత్తో రాసుకుంటూ తలెత్తకుండా, "కొన్నవీ అమ్మినవీ సంతలో ఉంటాయే. ఇవాళ మంగళవారమేగా, అక్కడడుగు" అన్నాడు. నిజంగా వెళ్తుందని అతను అనుకోలేదు పాపం.

సంత పక్కూళ్ళో. కాలవగట్టు మీద రెండు మైళ్ళు. మూట నెత్తిన పెట్టుకుని నడిచింది.

మధ్యాహ్నం గేదె అరిచింది. వాళ్ళమ్మ డబ్బా మూత తీసింది. అడుగున మానిక ఒక్కటే ఉంది. "భూలక్ష్మీ!" అంది. పెరట్లో లేదు. వీధిలో లేదు. దర్జీ కొట్టువైపు వెళ్ళిందన్నారెవరో.

మస్తాన్ నవ్వుతూ చెప్పాడు. వాళ్ళమ్మ కూడా నవ్వబోయింది. కాంతమ్మ నవ్వుతూ చెప్పింది. ఆవిడ మాట పూర్తికాకుండానే వాళ్ళమ్మ మిల్లుకి నడిచింది. పానకాలు మొదలుపెట్టాడు గానీ, ఆవిడ మొహం చూసి మధ్యలో ఆపేశాడు.

"సంతకా?" అందావిడ.

చెప్పులు లేవు. కాలవగట్టంతా పరిగెత్తింది.

పిల్ల కూరగాయల దగ్గర లేదు. గాజుల దగ్గర లేదు. పశువులు కట్టేసే చోట ఉంది. రెండు దూడల మధ్య బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. ఎడంచేతి మణికట్టుకి గడ్డితాడు. తాడు రెండో కొస గుంజకి.

"ఎవరి పిల్లవే అంటే, మావాళ్ళొస్తారంటుందమ్మా. జామకాయిస్తే పుచ్చుకోలేదు" అన్నాడు బేరగాడు.

"ఎవరు కట్టారే నిన్ను?" అంది వాళ్ళమ్మ.

"నేనే కట్టుకున్నా. ఇక్కడ అమ్మేవాటికి అన్నిటికీ కట్టారు కదా."

ఉత్తుత్తినే అన్నామే తల్లీ, అని చెప్పబోయి అక్కడే మట్టిలో కూలబడింది. కుడిచేత్తో ముడి విప్పబోయింది. ముడి రాలేదు. మళ్ళీ లాగింది. రాలేదు. అప్పుడు ఎడంచెయ్యి దానంతటదే వెళ్ళింది. ఒక్క లాగుకి ముడి ఊడొచ్చింది.

పిల్ల చూసింది. "అమ్మా! నీదీ పుర్రచెయ్యే!"

గాజులు మోచేతి దాకా జారాయి. కింద అడ్డంగా నల్లటి మచ్చ. చిన్నప్పుడు పొయ్యి మీద పడ్డావని వాళ్ళింట్లో చెప్పారు. ఆవిడ నమ్మింది, ఇన్నేళ్ళూ బుద్ధిగా నమ్మింది. ఇప్పుడు గుర్తొచ్చింది. పడలేదు. ఐదేళ్ళప్పుడు ఎడంచేత్తో అన్నం కలిపినందుకు అట్లకాడ కాల్చి వాత పెట్టారు.

ఆవిడ ఆ చేతినే చూస్తూ కూర్చుంది, ఎవరిదో అన్నట్టు.

"మరి నిన్నెంతకి కొన్నారమ్మా?" అంది పిల్ల.

"ఎవరూ ఎవర్నీ కొనలేదు. నిన్ను నేనే కన్నాను. ఇదిగో చూడు, ఈ చెయ్యి నీకు నేనిచ్చిందే."

పిల్ల ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది. ఆ తర్వాతే మూట ఇచ్చింది.

ఆ పూట వాళ్ళమ్మ పిల్ల పక్కన కూర్చుంది. అందరి ముందూ ఎడంచేత్తో అన్నం కలిపింది. నాయనమ్మ చేతిలో గరిట గాల్లోనే ఆగింది. ఎవరూ నవ్వలేదు. ఆ ఇంట్లో తవుడు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏదీ, నీ చెయ్యి ఇలా తే. నా గాజులు పైకి తొయ్యి. తగిలిందా? ఆఁ, అదే మచ్చ. మీ అమ్మ పూర్తి పేరేంటో రేపు పొద్దున్న అడుగు. ఇప్పుడు కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
తవుడేమో గేదెకి,
మన పిల్ల మనింటికి.