ఎడమ చెవి బంగారు చేప

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతకు తాత కూడా ఎరగని కాలం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట కెరటాలపురం అనే రేవుపట్నం ఉండేది. మహీధరుడు అనే రాజు దాన్ని ఏలేవాడు.

మంచి రాజే. కాని ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఆయన పుట్టడానికి ఎన్నో తరాల ముందు, రోము దేశపు యవనులు మన సన్నబట్టల కోసం, మిరియాల కోసం ఓడలు వేసుకుని ఆ తీరానికి వచ్చేవారట. వాళ్ళు వాడినవీ, పారేసుకున్నవీ ఎన్నో ఆ మట్టిలో కలిసిపోయాయి. అందులో చిటికెడు ముక్క దొరికినా రాజుకు కావాలి.

ఆయన మేడలో ఒక గది నిండా అవే. ఊపిరి తగిలితే పగులుతుందేమో అన్నంత పలచని గాజుగిన్నె. మట్టిలో నాని నాని నెమలికంఠం రంగులు తేలిన అత్తరుబుడ్డి. గోరంత ఎర్రరాయి మీద సింహం బొమ్మ, ఆ సింహం జూలులో వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించేవి. లోపలికి వెళ్ళినవాళ్ళు నోరు తెరిచి, మూయడం మరిచిపోయేవారు. మీరైనా నేనైనా అంతే.

అన్నిట్లోకీ రాజుకు ప్రాణం ఒక చెవిపోగు. బంగారు తీగను గుండ్రంగా వంచి, దాని కొసన ఒక చిన్ని చేపను అతికారు. చేప కంటికి ఆకుపచ్చ గాజు చుక్క. ఎడమ చెవికి పెడితే ఆ చేప ముఖం వైపు ఈదుతున్నట్టు ఉండేది. రేవుకు అవతల, వెనకటి ఊరు కూలి మట్టిలో కలిసిన పాటిదిబ్బ మట్టిని పొలానికి తోలుకుంటున్న రైతులకు అది దొరికింది. కాని ఒక్కటే దొరికింది.

"రెండో చెవిది ఏదీ?" రాజుకు ఇదే దిగులు. తింటున్నా అదే, పడుకున్నా అదే. చివరికి చాటింపు వేయించాడు. "దీని జత తెచ్చినవాళ్ళు ఏది కోరితే అది ఇస్తాను. తొలకరి లోపు ఎవరూ తేకపోతే పాటిదిబ్బను మొత్తం తవ్విస్తాను!"

ఆ దిబ్బ ఉత్త మట్టికుప్ప కాదు పిల్లలూ. ఉప్పు పండించేవాళ్ళ ఊరు దాని మీదే ఉంది. ఉప్పెన వచ్చిందంటే చుట్టుపక్కల తలదాచుకునే ఎత్తు అదొక్కటే. దాన్ని తవ్వేస్తే ఆ ఊరివాళ్ళు ఎక్కడికి పోవాలి? రాజుగారు ఆ మాట ఆలోచించలేదు. పిచ్చి ముదిరితే అంతే మరి.

ముందుగా సోమిశెట్టి అనే వర్తకుడు వచ్చాడు. "ప్రభువుల అదృష్టం పండింది" అంటూ పట్టుగుడ్డ విప్పాడు. అదే తీగ, అదే చేప, అదే ఆకుపచ్చ కన్ను! రాజు సంబరపడి రెంటినీ రాణిగారికి పెట్టించాడు. ఎడమ చెవి చేప ముక్కు వైపు ఈదుతోంది. కుడి చెవి చేప జడ వైపు ఈదుతోంది. చూసి చూసి చేయించాడే గాని, కుడి చెవికి బొమ్మ తిరగాలన్న సంగతి పాపం శెట్టికి తట్టలేదు. రాణిగారు ముందు నవ్వారు. ఆ తర్వాత సభంతా నవ్వింది. శెట్టి పట్టుగుడ్డ కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

తర్వాత కనకాచారి అనే కంసాలి వచ్చాడు. ఇతను గట్టివాడు, చేపను సరిగ్గా తిప్పే చేశాడు. పైగా పాతదిగా కనబడాలని పెంటకుప్పలో పాతిపెట్టి, మసి పూసి తెచ్చాడు. రాజు దాన్ని వాసన చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఆచారీ, నా పోగు మట్టిలోంచి వచ్చిన రోజు నేను కళ్ళారా చూశాను. కాసిన్ని నీళ్ళు పోస్తే నిన్న చేసినట్టు మెరిసింది. అన్ని వందల ఏళ్ళు మట్టిలో ఉన్నా మేలిమి బంగారం నల్లబడదని కంసాలివి, నీకు నేను చెప్పాలా?"

ఆచారి తల వంచుకుని వెళ్ళాడు. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. దిబ్బ దగ్గరికి గునపాలు చేరాయి.

అప్పుడు ఉప్పుమళ్ళలో పనిచేసే ఆదెమ్మ వచ్చింది. దిబ్బ మీది ఊరిపెద్ద గురవయ్య ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె మెడలోని నల్లతాడు విప్పి, దానికి కట్టుకున్నది రాజు అరచేతిలో పెట్టింది.

అది బంగారు పోగు. దాని కొసన చేప. చేప కంటికి ఆకుపచ్చ చుక్క. కుడి చెవిదే! మసీ లేదు, మాయా లేదు. రెండు పోగులనూ పక్కపక్కన పెడితే చేపలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎన్ని తరాల తర్వాత కలిశాయో!

"ఇదే! ఇదే దీని జత! తవ్వకం ఆపండి!" అని కేక పెట్టాడు రాజు. "అమ్మా, ఏం కావాలో కోరుకో."

గురవయ్య కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. ఊరు నిలిచింది. ఇక దండం పెట్టి ఇంటికి పోవడమే. కాని ఆదెమ్మ కదల్లేదు. రాజుగారి పోగును అప్పుడే మొదటిసారి చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె ముఖం మారిపోయింది.

"మారాజా, ఇది దాని జత కాదు."

"నోరుముయ్యవే ఆదెమ్మా, ఊరు ముంచుతావా!" అని గురవయ్య చెయ్యి పట్టి లాగాడు.

"ఎలా మూసుకోను పెదనాయనా? నువ్వూ చూడు." ఆమె రాజుగారి పోగులో తన బొటనవేలు పెట్టింది. సులువుగా దూరింది. తన పోగులో చిటికెనవేలు పెట్టబోయింది. దూరలేదు. "మా అమ్మమ్మకు ఇది దిబ్బ మీద దొరికిందట. నా పసితనంలో మా అమ్మ నా చెవికి పెట్టింది. కాస్త పెద్దయ్యేసరికి పట్టలేదు, తాడుకు కట్టుకున్నాను. ఇది చంటిపిల్లది మారాజా. మీది పెద్దామెది. ఒకే చేతి పని. తల్లికి చేసినవాడే బిడ్డకూ చేశాడేమో."

రాజు రెంటినీ మళ్ళీ చూశాడు. నిజమే. ఇంతసేపూ చేపల్నే చూశాడు గాని తీగను చూడలేదు.

"నీ ఊరు పోతుందని తెలిసీ ఎందుకు చెప్పావమ్మా?"

"రెండూ ఒక్కరివే అంటే ఆ బిడ్డ అసలు పుట్టనట్టే కదా మారాజా! దాని తల్లి ఎదుటే ఆ మాట ఎలా అననూ?"

రాజు ఆ చిన్న పోగును అరచేతిలోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆయన గాజునూ బంగారాన్నీ పోగేశాడు. ఈ రోజు ఆయన కళ్ళకు ఒక తల్లి కనబడింది. ఏ ఓడ దిగిందో, ఎంత ఎండలో నిలబడిందో, ఒడిలో చంటిపిల్ల ఆమె పోగు పట్టుకుని లాగుతోంది. గది నిండా ఉన్న గిన్నెలకూ బుడ్డీలకూ ఉంగరాలకూ కూడా మనుషులు ఉండే ఉంటారు. అంతమంది తన ఇంట్లో ఉన్నారని తెలిసి ఆయనకు భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

ఆయన సింహాసనం దిగాడు. "గునపాలు వెనక్కి తెప్పించండి. ఇక మీద ఆ దిబ్బను ఎవరూ తవ్వకూడదు" అన్నాడు.

ఆదెమ్మ తన పోగును తిరిగి తీసుకోలేదు. "తల్లి దగ్గరే ఉండనివ్వండి. ఇప్పుడు విడదీస్తే పాపం" అంది. అంటూనే ఆ చిన్న పోగును మరోసారి వేలితో నిమిరింది. అది వాళ్ళ అమ్మ గుర్తు మరి.

"విడదీయను. కాని నా పెట్టెలోనూ ఉంచను" అంటూ రాజు రెండు పోగులనూ ఒకే గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "వీళ్ళుండాల్సింది మీ ఊళ్ళోనే తల్లీ. చూడాలనిపిస్తే నేనే వస్తాను. రానిస్తావుగా?"

ఆదెమ్మ రమ్మంది. రాజు తరచుగా వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా చెప్పులు దిబ్బ కిందే విడిచి పైకి ఎక్కేవాడట.

అబద్ధం చెబితే రెండు వస్తువులకు జత కుదరవచ్చు పిల్లలూ, కాని మనిషికి మనిషి కనిపించేది నిజం చెప్పినప్పుడే.