గడ్డి ముట్టని మేక, ఎముక ముట్టని కుక్క

కొల్లేటి ఒడ్డున ఒక రైతు మకాంలో కోటమ్మ అనే ముసలి బాతు ఉండేది. తల్లి బాతులు చేలో మేతకు పోతే పిల్లల్ని కాచుకునే పని ఆమెది. ఈమధ్య ఆమెకు మతిమరుపు భయం పట్టుకుంది. తవుడు తిన్నానో లేదోనని మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళేది. అది మరుపు కాదు, ఆకలేనని కోళ్ళు నవ్వేవి.

ఆ నవ్వుల మధ్యే బాతుపిల్లలు తగ్గసాగాయి. ఒకరోజు మెడ మీద మచ్చ ఉన్న బుల్లిపిల్ల కూడా కనపడలేదు. కోటమ్మ కావలివాళ్ళ దగ్గరికి పరుగెత్తింది.

కావలి ఇద్దరిది. గంగులనే కుక్కను గడ్డివాము చాటున గొలుసుతో కట్టేశారు. వాము అడ్డం కాబట్టి అతనికి ఏదీ కనపడదు, వచ్చినవాళ్ళను వాసనతో పోల్చుకుంటాడు. సీతాలనే కాకి కొబ్బరిచెట్టు మీద ఉంటుంది. ఆమెకు వాసనతో పనిలేదు, ఆకారం చూసి చెబుతుంది.

మధ్యాహ్నం ఒక మేక వచ్చి పోయిందన్నాడు గంగులు. మేకా లేదు గీకా లేదు, వచ్చింది పక్క మకాం కుక్క అంది సీతాలు. నీ ముక్కు దిబ్బడేసిందంటే నీ కళ్ళకు పొరలు కమ్మాయని తిట్టుకున్నారు. నక్క మాత్రం రాలేదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. చివరికి ముసలమ్మే పిల్లల లెక్క మరిచిపోయిందని తేల్చారు.

కోటమ్మకూ అదే నిజమేమో అనిపించింది. ఆ మచ్చపిల్ల అసలు పుట్టిందా, తను కలగన్నదా? కానీ రెక్క కింద అది పడుకునే చోటు చల్లగా తగిలింది.

వెంటనే ఇద్దరినీ వాము దగ్గర కూర్చోబెట్టింది.

"నాకు మతి నిలవదు నాయనా. చెరో రకంగా చెబితే కలుపుకోలేను. మేకనీ కుక్కనీ పేర్లు పెట్టకండి. ఎటునుంచి వచ్చింది, ఏం తింది, ఎటు పోయింది. ఇద్దరూ ఇవే చెప్పండి."

ఆముదపు చెట్టు పక్క కంచె కంతలోంచి వచ్చి అటే పోయిందని ఇద్దరూ చెప్పారు. తిండి సంగతికి వచ్చేసరికి గంగులు తడబడ్డాడు. గడ్డి నమిలిన వాసనే రాలేదట. ఎదురుగా బొమికె పడి ఉన్నా అది మూతి పెట్టలేదంది సీతాలు.

"గడ్డి ముట్టని మేక, ఎముక ముట్టని కుక్క," అంది కోటమ్మ. "కంత మాత్రం ఒకటే. రెండూ ఒకే దొంగ నాయనా."

మర్నాడు మధ్యాహ్నం నక్క ఎప్పటిలాగే మేకలదొడ్లో పొర్లాడి, తోకను కుక్కలా పైకి చుట్టుకుని వచ్చింది. కోటమ్మ ఎదురెళ్ళి, భోజనం చేసి పొమ్మని వాము దగ్గరికి తీసుకెళ్ళింది.

గంగులు వాము చాటునుంచే అవిశాకు ముందుకు తోశాడు. "మేక బావా, కాస్త ఎంగిలి పడు."

వాము మీదనుంచి సీతాలు అందుకుంది. "కుక్క మరిదీ, ఒక్కసారి మొరిగి పోరాదా."

నక్క ఇద్దరినీ విడివిడిగా ఎరుగును కానీ ఒక్కచోట చూడడం ఇదే మొదలు. గంగుల్ని నమ్మించడానికి నోటినిండా ఆకు కుక్కుకుంది. సీతాలును నమ్మించడానికి మొరగబోయింది. వచ్చింది ఊళ. నమిలిన ఆకంతా గంగులు మొహాన పడింది.

గొలుసు ఎంత సాగితే అంత దూరం గెంతాడు గంగులు. తోక కుచ్చు అతని నోట్లో ఉండిపోయింది. మిగతా నక్క ముళ్ళకంచెలో ఒళ్ళు చీరుకుంటూ పారిపోయింది.

సాయంత్రం కోటమ్మ పిల్లల్ని లెక్కపెట్టింది. గంగులూ సీతాలూ కూడా లెక్కపెట్టారు. ముగ్గురిదీ ఒకే లెక్క వచ్చింది. మచ్చపిల్ల మాత్రం అందులో లేదు. తర్వాత కోటమ్మ రెండోసారి తవుడు తొట్టి దగ్గరికి వెళ్ళింది. ఈసారి కోళ్ళు పక్కకు జరిగి చోటిచ్చాయి.

కావలివాళ్ళు ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుంటే దొంగ దర్జాగా వచ్చిపోతాడు. అందరినీ ఒకే ప్రశ్న అడిగితే దొరికిపోతాడు.