మూడో గేరు పడని చోట

తన్మయి ఫైనల్లో ఓడిపోవడం అది మూడోసారి. మూడుసార్లూ ఒకేలా ఓడిపోయింది.

డ్రాగ్ రేసులో మలుపులుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా పడగానే తిన్నగా పావు మైలు పరుగెడతాయి. అంతే. ఆ కాస్త దూరంలోనే గేర్లన్నీ చేత్తో మార్చుకోవాలి. తన్మయికి ఒకటి నుంచి రెండు హాయిగా పడుతుంది. రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడే కర్రుమని చప్పుడొస్తుంది. ఆమె మళ్లీ గేరు వేసేలోపు పక్క కారు వెళ్లిపోతుంది.

ఆ సోమవారం ఆమె మార్కాపురంలో దస్తగిరి మాస్టారి షెడ్డుకొచ్చి, కారు తాళాలు బల్ల మీద పెట్టింది. ఆ కారు ఆయనదే.

ఒకప్పుడు దస్తగిరి బండి తోలుతున్నాడంటే మద్రాసు నుంచి కూడా జనం వచ్చేవారు. రెండో గేరు ఎక్కడ అయిపోయిందో, మూడోది ఎక్కడ మొదలైందో, ఎంత చెవి పెట్టి విన్నా తెలిసేది కాదనేవారు. ఆయన పందేలు మానేసి చాలా ఏళ్లయింది. తన్మయి తప్ప వేరే శిష్యులు లేరు.

"ఇంకెవరికైనా ఇవ్వండి మాస్టారూ. నా వల్ల కాదు," అంది.

ఆయన స్పానరు తుడుచుకుంటూ, "ప్రాక్టీసులో ఎన్నిసార్లు తప్పావు?" అన్నాడు.

"ఒక్కసారి కూడా లేదు. ఒంటరిగా తోలితే వెన్నలా పడుతుంది. పక్కన బండి ఉంటేనే ఇలా."

"ఊఁ."

"మానేస్తాను. లేదంటే ఆటోమేటిక్ బండి చూసుకుంటాను."

మాస్టారు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున్నే రన్‌వే దగ్గరికి రా. నీ పక్కన నేను తోలతాను."

తన్మయికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఊరికి దూరంగా, ఎప్పుడో యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన రన్‌వే ఉంది. సిమెంటు పగుళ్లలో గడ్డి మొలిచింది. ఒక కొసన రైతులు మిరపకాయలు ఆరబోసుకున్నారు. ఆమె వెళ్లేసరికే మాస్టారి పాత తెల్ల కారు గీత మీద నిలబడి ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాక ఆయన వయసు తెలియడం లేదు. మెకానిక్ ఏసుదాసు ఎర్ర తువ్వాలు పట్టుకుని రెండు కార్ల మధ్య నిలబడ్డాడు.

ఆమె కుడిపక్కన తెల్ల కారు గర్జించింది. తన్మయి ఎడమచేయి గేర్ రాడ్ మీద బిగుసుకుంది.

తువ్వాలు కిందికి పడింది.

ఒకటి. రెండు. చక్రాలు రోడ్డును పట్టుకున్నాయి. బాగానే ఉంది అనుకుంది. అంతలో కుడి భుజం దగ్గర ఆ చప్పుడు. వస్తున్నాడు. తలుపు దాకా వచ్చేశాడు. ఇంకొక్క క్షణం ఆగితే దాటేస్తాడు. ఆమె రాడ్‌ని పైకి తోసింది.

కర్రుమంది.

మళ్లీ వేసింది. ఈసారి పడింది కానీ లాభం లేదు. పళ్లు బిగబట్టుకుని చివరిదాకా పోనిచ్చింది. ముందు ఏ కారూ కనబడలేదు. పక్కకి చూసింది. పక్కనా లేదు.

డెబ్బై ఏళ్ల మనిషి. ఎక్కడ పల్టీ కొట్టాడో, ఏమైందో! కారు తిప్పుకుని వచ్చినంత వేగంగానే వెనక్కి పోనిచ్చింది.

తెల్ల కారు గీత మీదే ఉంది. మాస్టారు హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టి, ఏసుదాసు ఫ్లాస్కులోంచి పోసిచ్చిన టీ తాగుతున్నాడు.

"ఏమైంది మాస్టారూ? బండి ఆగిపోయిందా?"

"బండికేం? బాగానే ఉంది."

"మరి?"

"నేను క్లచ్చి వదల్లేదు."

తన్మయి కిందికి చూసింది. ఇందాక తన కారు బయల్దేరిన చోట సిమెంటు మీద రెండు నల్లటి చారలున్నాయి. తెల్ల కారు ముందు దుమ్ము కూడా చెదరలేదు.

"లేదు మాస్టారూ. నేను విన్నాను. నా తలుపు దాకా వచ్చారు."

"ఎవరు?"

ఎవరో దాటేయబోతున్నట్టు వచ్చే ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. కారు తోలడం నేర్చుకోక ముందు నుంచీ తెలుసు. పరీక్ష హాల్లో విన్నది, బడి పరుగు పందెంలో విన్నది. అక్కడే, కారు చక్రం పక్కన, సిమెంటు మీద కూర్చుండిపోయింది.

ఏసుదాసు ఆమెకూ టీ పోసిచ్చి అవతలికి వెళ్లాడు.

గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగింది. "మీకు ఇలా వచ్చేవాడు ఎవడూ లేడా మాస్టారూ?"

"ఎందుకు లేడు?"

"ఎలా పోగొట్టుకున్నారు?"

"పోలేదు తల్లీ. ఇందాక ఇంజిన్ రేజ్ చేస్తుంటే కూడా వచ్చాడు." టీ గ్లాసు కింద పెట్టాడు. "రానిస్తాను. గేర్ రాడ్ మాత్రం వాడి చేతికివ్వను."

ఆ తర్వాత మాస్టారు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. తన్మయి తాళాలూ తిరిగివ్వలేదు. ఎండాకాలమంతా ఆ రన్‌వే మీదే ఉంది.

వానలకు ముందు జరిగిన ఫైనల్లో ఆమె పక్కన కోయంబత్తూరు కుర్రాడొకడు నిలబడ్డాడు. ఎప్పుడూ పందేలకు రాని మాస్టారు ఆ రోజు వచ్చి, కంచె అవతల జనంలో నిలబడ్డాడు.

జెండా పడింది. ఒకటి. రెండు. కుడి భుజం దగ్గర చప్పుడొచ్చింది. తన్మయి వింది. వింటూనే చేతి పట్టు కొంచెం వదులు చేసింది. రాడ్ దానంతటదే మధ్యకొచ్చింది. అప్పుడు పైకి తోసింది. మూడో గేరు పడిన సంగతి చప్పుడుతో కాదు, వీపుకి సీటు ఒత్తుకోవడంతో తెలిసింది.

నాలుగులోనూ తప్పు లేదు. అయినా కోయంబత్తూరు కారు మూరెడు ముందుగా గీత దాటింది.

ఆమె కారు దిగి, ఆ కుర్రాడికి చేయి కలిపి, కంచె దగ్గరికి నడిచింది. కళ్లలో నీళ్లున్నాయి. ముఖం మాత్రం ఏడుస్తున్నట్టు లేదు.

"ఓడిపోయాను మాస్టారూ."

"చూశాను." దస్తగిరి కంచె మీదుగా చేయి చాపి ఆమె తల నిమిరాడు. "ఇన్నాళ్లకి నిన్ను ఒక నిజం బండి ఓడించింది."