తోడుకోని పాలు

అనగనగా, పశువులు మాట్లాడితే మనుషులు ఎంతో కొంత వినే కాలంలో, పెన్నేటి ఒడ్డున ఒక పల్లె. అక్కడి గొడ్లకూ మనుషులకూ ఒక్కడే వైద్యుడు, చిదంబరయ్య. చెప్పిందే చెప్పి విసిగి వేసారిన ముసలివాడు.

ఆయన దగ్గర సర్వారి అనే మందు ఉండేది. ఒంట్లో కంటికి కనబడని క్రిములన్నిటినీ చంపుతుంది. సర్వారి అంటే అందరికీ శత్రువని అర్థం. ఊరివాళ్ళు మాత్రం అన్నిటికీ మందనుకున్నారు.

ఓబులేసుకు ఉన్నదల్లా ఒక్క గేదె, నీలవేణి. ఆ పాలతోనే ఇల్లు గడిచేది. ఒకసారి దానికి జ్వరమొచ్చింది. చిదంబరయ్య సర్వారి ఇచ్చి, చెప్పినన్నాళ్ళూ పట్టించమన్నాడు, అందాకా, ఆ తర్వాత కొన్నాళ్ళూ పాలు ఎవరికీ పోయవద్దన్నాడు. గేదె నెమరు వేయగానే ఓబులేసు మందు ఆపేసి, మిగిలింది ఉట్టి మీద దాచాడు. పాలు ఇంటింటికీ పోశాడు.

ఆ పాలు ఏ ఇంట్లోనూ తోడుకోలేదు. దిష్టి తగిలిందన్నారు కొందరు. తోడు ఇచ్చిన చెయ్యి మంచిది కాదని అత్తాకోడళ్ళు పోట్లాడుకున్నారు. చిదంబరయ్య గడప గడపకూ తిరిగాడు.

“పాలల్లో మందుందమ్మా. తోడులోని మంచి క్రిముల్నీ చంపింది. శత్రువెవరో చుట్టమెవరో దానికి తెలియదు,” అన్నాడు.

అందరూ తలలూపారు. తల ఊపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

రెండోసారి ఓబులేసు భార్యకు జలుబు చేసింది. జలుబుకు సర్వారి పనిచేయదు. అయినా గేదె మందే కలిపి తాగించాడు. ఆమెకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. చిదంబరయ్య ఎలాగో గట్టెక్కించాడు. తిట్టే ఓపిక కూడా లేక ఇంటికి పోయాడు. ఓబులేసు మాత్రం గేదె తుమ్మినప్పుడల్లా ఒక గుటక పోస్తూనే ఉన్నాడు.

మూడోసారి నిజంగానే ముంచుకొచ్చింది. నీలవేణి పొదుగు రాయిలా గట్టిపడింది. సర్వారి ఎంత పట్టినా గుణం కనబడలేదు.

“మందు మారిందా సామీ?”

“మందు అదేరా. క్రిములే మారినాయి. సగం సగం పోసినప్పుడల్లా చావగా మిగిలినవి దానికి అలవాటు పడినాయి. ఇంతకంటే పెద్ద మందు నా దగ్గర లేదు.”

నీలవేణి మెడ ఎత్తింది. “నీకు నా మీద ప్రేమ లేదనను ఓబులేసూ. నేను తుమ్మినా ఊరుకోలేకపోయావు. ఊరుకుని ఉంటే బతికేదాన్ని,” అంది. పొద్దు వాలకముందే కన్నుమూసింది.

ఓబులేసు దాని మెడ మీద పడి ఏడ్చాడు. అప్పుడే పొరుగింటాయన వచ్చి, తన దూడ తుమ్ముతోంది, రవంత సర్వారి ఇమ్మని వైద్యుణ్ణి అడిగాడు. చిదంబరయ్య అలవాటుగా నోరు తెరవబోయాడు. ఓబులేసు కళ్ళు తుడుచుకుని అడ్డం వచ్చాడు.

“తుమ్మనీలే అన్నా. ఈయన ఇమ్మన్ననాడే ఇద్దువుగాని.”

ఆ ఒక్కనాటికి ముసలాయనకు చెప్పే పని తప్పింది.

అక్కర లేనప్పుడు వాడిన మందు, అర్ధాంతరంగా ఆపిన మందు, అసలు ఆపదలో ఆదుకోదు.